కుడివైపు మాస్టారు

మస్కట్‌లో ఉండబోయేది పది రోజులే. అదీ మరదలి బిడ్డ బాప్తిస్మానికి. అంతమాత్రానికి ఎలీషా మాస్టారు రాజోలు కాలవగట్టు మీద రాకపోకలన్నీ తారుమారు చేసేశారంటే తప్పు మస్కట్‌ది కాదు, తోడల్లుడిది.

రెండువేల మూడో సంవత్సరం వేసవి సెలవులు. మరదలు పుష్పలత మస్కట్‌లో నర్సు. ఆవిడ మొగుడు వీర్రాజు ఫోను చేసి, "అన్నయ్యగారూ, మీరు వచ్చిన దగ్గర్నించీ కారులో తిప్పే పూచీ మాదండి," అన్నాడు. మామూలు మనిషైతే సంతోషించేవాడు. మాస్టారికి ఒళ్ళు మండింది. ఇరవయ్యేళ్ళుగా గోడ మీద పటంలో ప్రపంచమంతా బెత్తంతో చూపించిన మనిషి, తోడల్లుడి కారులో వెనక సీట్లో మూటలా కూర్చోవడమా?

"మీరేం శ్రమపడకండి వీర్రాజుగారూ. అక్కడ అద్దెకు కారు తీసుకుని నేనే నడుపుతాను," అని ఫోను పెట్టేశారు.

ఆవకాయకు ఆవాలు దంచుతున్న ఆయన భార్య రాహేలు రోకలి ఆపి చూసింది.

"మీరు కారు నడిపి ఎన్నాళ్ళయిందండి?"

"లైసెన్సు ఉంది కదా."

"బాప్తిస్మం సర్టిఫికెట్టు కూడా ఉంది. అంతమాత్రాన పాపాలు మానేసేరా?"

మాస్టారు వినలేదు. రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి, విదేశాల్లో నడపడానికి అనుమతి కాగితం కూడా సంపాదించారు. అది చేతికొచ్చాకే తెలిసింది, మస్కట్‌లో బళ్ళన్నీ రోడ్డుకు కుడివైపున పోతాయని, స్టీరింగేమో ఎడమవైపున ఉంటుందని. ఆ పూట ఆయన అన్నం కలిపింది కూడా ఏ చేత్తోనో సందేహమే.

మర్నాటి నుంచి అభ్యాసం మొదలైంది. కుర్చీ వేసుకుని, కాళ్ళ ముందు మూడు ఇటుకలు పెట్టి, కుడిపక్కన రోకలి నిలబెట్టి గేర్లు మార్చేవారు. కుడివైపు గుర్తుండాలని గడియారం కుడిచేతికి కట్టుకున్నారు. టైం ఎంతయిందని ఎవరన్నా అడిగితే ఎడమ మణికట్టు చూసుకుని తెల్లబోయేవారు.

"రోకలి ఇస్తే నా ఆవాలు నేను దంచుకుంటానండి."

"మూడో గేరులో ఉన్నాను రాహేలూ. కాస్త ఆగు."

నాలుగో రోజున నాగబాబు అద్దెకిచ్చే అంబాసిడర్ తెచ్చారు. "అద్దె కారు నడపాలంటే అద్దె కారులోనే నేర్చుకోవాలి," అన్నది ఆయన సిద్ధాంతం. పక్కన కూర్చోమంటే నాగబాబు చేతులు కట్టుకున్నాడు.

"కారు తీసుకెళ్ళండి మాస్టారూ. నన్ను మాత్రం వదిలేయండి. పిల్లలు చిన్నవాళ్ళండి."

కాబట్టి రాహేలు ఎక్కింది. ఆ కారుకు బెల్టులు లేవు. ఆవిడ పాత చీర చింపి ఆవిణ్ణి సీటుకు కట్టేశారు మాస్టారు. తర్వాత జాగ్రత్తలు రాసుకున్న నోటుబుక్కు తీసి చదివారు.

"ఒకటి, కంగారుపడరాదు. రెండు, ఎదురొచ్చేవాణ్ణి నమ్మరాదు."

"ఎదురొచ్చేవాడు మిమ్మల్ని నమ్మితే ఏం చెయ్యాలో రాసుకున్నారా?"

దానికి నంబరు లేదు. మాస్టారు దేవుణ్ణి తలుచుకుని, కాలవగట్టు రోడ్డు మీద కుడివైపు పట్టుకున్నారు.

ముందుగా పాల వీరన్న సైకిలు మీద ఎదురొచ్చాడు. తన మానాన తాను ఎడమవైపునే వస్తున్నాడు, అంటే సరిగ్గా మాస్టారి మీదకే. కారులో ఉన్నదెవరో చూసి, టక్కున దిగి, సైకిలు అవతలి వైపుకు నడిపించుకుపోయాడు.

"ఆయ్, నమస్కారమండి మాస్టారూ. మీరు రండి."

వీరన్న ఏడో తరగతి దాకా ఆయన దగ్గరే చదివాడు. ఆ మాటకొస్తే ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరే చదివారు. మాస్టారు కుడివైపు నేర్చుకుంటున్నారని సాయంత్రానికి ఊరంతా తెలిసింది. రెండో రోజుకు కొబ్బరికాయల బండి త్రిమూర్తులు తప్పుకున్నాడు. మూడో రోజుకు గేదెలు కూడా తప్పుకున్నాయి. వారం తిరిగేసరికి ఆ రోడ్డున ఎవరు ఎదురొచ్చినా ముందే అటువైపుకు మారిపోయి వస్తున్నారు.

"చూసేవా, ఇన్నాళ్ళలో ఒక్కరికి కూడా అడ్డం వెళ్ళలేదు."

"మీరు అడ్డం వెళ్ళకపోవడం కాదండి. ఊరే పక్కకు జరిగింది."

రోడ్డెక్కిన తొమ్మిదో రోజు పొద్దున్న ఏడింటికి రావులపాలెం వైపు నుంచి బస్సు వచ్చింది. డ్రైవరు కొత్తవాడు. మాస్టారి దగ్గర చదువుకోలేదు. తన ఎడమవైపున తాను దర్జాగా వస్తూ హారను కొట్టాడు.

మాస్టారు గభాల్న ఎడమవైపుకు తిప్పారు. అటు వీరన్న వస్తున్నాడు, మర్యాద కొద్దీ మాస్టారి కోసం అటు మారి. అతని వెనక త్రిమూర్తులు బండి. అందరూ ఆగారు.

"మీరు రండి మాస్టారూ."

"వద్దు, నువ్వు రా వీరన్నా."

"అయ్యో, మీ ముందు మేవాండి?"

మాస్టారు దారివ్వాలని కుడికి తిప్పారు. అదే క్షణాన వీరన్న కూడా అటే జరిగాడు. చూసి చూసి బస్సు డ్రైవరు మంచిమనసుతో ఇవతలికి తిప్పాడు. మాస్టారూ ఇవతలికే వచ్చారు. మూడోసారికి ఏది కుడో ఏది ఎడమో ఆ రోడ్డు మీద ఎవరికీ తెలియలేదు. మాస్టారు చేతి గడియారం చూసుకుని, దానికి వ్యతిరేకంగా తిప్పారు. అంబాసిడర్ ముందు చక్రాలు మెల్లగా గట్టు దిగి, పక్కన పొలాలకు నీళ్ళుపోయే పంటబోదెలో కూర్చున్నాయి.

దెబ్బలేం తగల్లేదు. బస్సు దిగినవాళ్ళందరూ కారును పైకి లాగుతూనే, మాస్టారూ కాఫీ తాగేరా అండి అని పలకరించారు.

"ఎవరండీయన?" అన్నాడు బస్సు డ్రైవరు.

"మా మాస్టారండి. మస్కట్ వెళ్తన్నారండి," అన్నాడు వీరన్న.

"ఇలాగేనా అండి?"

రాహేలు సీటుకు కట్టిన చీర ముడి విప్పుకుని దిగింది. కోప్పడలేదు. అది చూసే మాస్టారికి ఎక్కువ భయం వేసింది.

"ఇక్కడ తప్పుకున్నవాళ్ళందరూ మీ శిష్యులండి," అంది నెమ్మదిగా. "మస్కట్‌లో మీ దగ్గర ఎవరు చదువుకున్నారు?"

మాస్టారు సీటు మీది చీర పేలిక చూశారు. ఇన్నాళ్ళూ ఈవిణ్ణి ఒక పాత చీరతో కట్టి తిప్పానా అనుకున్నారు. అక్కడ కారు ముట్టుకోకూడదని అప్పుడే నిశ్చయించుకున్నారు. అయితే ఆ సంగతి తోడల్లుడికి చెప్పడమే చచ్చే చావు. జన్మంతా చెప్పుకుని నవ్వుతాడు.

సాయంత్రం ధైర్యం చేసి ఫోను కలిపారు.

"వీర్రాజుగారూ, నాకు నడుంనొప్పి పట్టుకుందండి. మరి కారు నడపడం..."



"అంత మాట అనకండి అన్నయ్యగారూ," అన్నాడు వీర్రాజు గొంతు తగ్గించి. "మీ పక్కన కూచుని నాలుగు మెళకువలు నేర్చుకుందామనుకున్నానండి. ఇక్కడి డ్రైవింగు పరీక్ష నాకు నాలుగుసార్లు పోయిందండి."

"మరి కారులో తిప్పుతామన్నారు?"

"తిప్పేది మీ మరదలండి. నేను వెనక కూచుంటాను."

మాస్టారు ఫోను పెట్టేసి వెనక్కి తిరిగారు. రాహేలు ఆవపిండి జల్లిస్తోంది.

"మీ చెల్లెలు కారు నడుపుతుందని నీకు ముందే తెలుసా?"

"ఆయ్."

"మరి చెప్పలేదేం?"

"చెబితే, తోడల్లుడికి రానిది నాకొచ్చని ఇంకా రెచ్చిపోయేవారండి. ఏదో ఇక్కడే, తప్పుకునేవాళ్ళ మధ్యే మీ ముచ్చట తీరిపోతుందని ఊరుకున్నాను. అందరం పట్టే పెద్ద కారు చెల్లి పేరునే అద్దెకు మాట్లాడించేను. ముందు సీట్లలో మేమిద్దరం."

"మరి నేను?"

"వెనకాలండి, మరిదిగారి పక్కన. కుడివైపో ఎడమవైపో మీ ఇష్టం."

మాస్టారు గడియారం విప్పి ఎడమచేతికి మార్చుకున్నారు.

"కిటికీ పక్కన," అన్నారు.