నీడల కొలతల శాఖలో పదకొండు ఖాళీలు

మా మనవరాలు రమ్య మొదటి సినిమా తీసి ముగించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నిడివి పది నిమిషాలు. సినిమాతోపాటు "నేర్చుకున్న పాఠాలు" అని మూడు పుటలు రాసి జతపరచాలని నారాయణగూడలోని వాళ్ల కాలేజీ ఉత్తర్వు. పిల్ల అరపుట రాసి కలం పడేసింది. మిగిలిన పాఠాలు వృథా పోకూడదు కనుక నేను చెబుతున్నాను.

సంగతి ఈ ఏడాదిదే, రెండువేల పన్నెండు. శుక్రవారం లోగా సినిమా ఇవ్వకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఆ సినిమా చదువు మాన్పించి, అశోక్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగులో వేస్తానని వాళ్ల నాన్న, అంటే నా కొడుకు రమాకాంత్, అప్పటికే తీర్మానం చేశాడు. తండ్రి తీర్మానానికి అప్పీలు లేదు.

కథ చిన్నదే. ఒక నిరుద్యోగి దరఖాస్తు ఇవ్వడానికి లైన్లో నిలబడతాడు. అందరూ వెళ్లిపోతారు. చివరికి ఖాళీ సందులో, ఖాళీ బల్ల ముందు వాడొక్కడే మిగులుతాడు. హీరో మా మేడమీది గదిలో కిరాయికుండే కుమారస్వామి. జమ్మికుంట పిల్లవాడు. నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాడు కనుక నిరుద్యోగిగా నటించడానికి వేరే శిక్షణ అవసరం లేకపోయింది. బల్ల దగ్గర అధికారిగా నన్ను కూర్చోబెట్టారు. నా చదువు ఐదో తరగతి దాటలేదంటే, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఎవరి మొహమూ చూడకుండా కూర్చుంటే చాలన్నారు.

ఎవరూ మోసపోకూడదని రమ్య ఎంతో జాగ్రత్తపడింది. లోకంలో లేని శాఖ ఒకటి ఆలోచించి, చిక్కడపల్లిలో లైబ్రరీ పక్క సందులో బోర్డు పెట్టించింది: "నీడల కొలతల శాఖ. పోస్టులు పదకొండు. దరఖాస్తులు ఇచ్చట స్వీకరించబడును." అంత చదువుకున్న పిల్ల చేసిన తప్పు ఇదొక్కటే.

లైన్లో నిలబడటానికి కుమారస్వామి తన స్నేహితులను పన్నెండు మందిని హాస్టల్ నుంచి తెచ్చాడు. తొమ్మిదింటికి వాళ్ల వెనుక ముప్పై మంది ఉన్నారు. పదింటికి లైను సందు దాటి మెయిన్ రోడ్డెక్కింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. డెబ్బై మూడులో మా ఆడబిడ్డ మనోరమ కిరసనాయిలు లైననుకుని రెండు గంటలు నిలబడి, చివరికి ఎవరో పెద్దమనిషి శవానికి దండం పెట్టి ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. లైన్లో నిలబడ్డాక ఎందుకని అడగడం మా ఊళ్లో మర్యాద కాదు.

నీడలను ఎందుకు కొలవాలని ఒక్కరూ అడగలేదు.

"అక్కా, ఏజ్ రిలాక్సేషన్ ఉన్నదా?"

"గెజిటెడ్ సంతకం గావాల్నా?"

"అన్నా, ఇది సినిమా," అన్నది రమ్య, కెమెరా చూపించి.

"గట్లనే అంటరక్కా. పోయినసారి గూడ ఏం లేదు ఏం లేదనుకుంటనే పోస్టులు నింపేసిన్రు."

పదకొండింటికి ఎదుటి జిరాక్స్ దుకాణంలో దరఖాస్తు ఫారాలు వచ్చాయి. మేము అచ్చు వేయించలేదు. అయినా కులం, ఉపకులం గడులతో సహా మా ఊహ కంటే బాగున్నాయి. పదకొండున్నరకు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ అధిపతి జగదీశ్వర్ గారు స్వయంగా విచ్చేసి, అరుగెక్కి ప్రసంగించారు:

"మిత్రులారా! నీడ అనగానేమి? వెలుతురుకు ప్రభుత్వం విధించిన హద్దు! ఈ సబ్జెక్టులో గత పదేళ్లుగా మొదటి ర్యాంకులన్నీ మా సంస్థవే! ఉదయపు నీడకు వేరుగా, సాయంత్రపు నీడకు వేరుగా నోట్సు సిద్ధం!"

చప్పట్లు మోగాయి. మధ్యాహ్నపు నీడ సిలబస్‌లో ఉందా అని వెనక నుంచి ఒక ఆడపిల్ల కంగారుగా అడిగింది.

తల ఎత్తకుండా ఫారాలు తీసుకుంటున్న నా ముందుకు ఒక ఫారం వచ్చింది. పేరు: రమ్య. తండ్రి పేరు: రమాకాంత్. తల ఎత్తితే నా కొడుకు.

"అమ్మా! నువ్వెప్పుడు జాయినయినవ్?"

"పొద్దుగాల."

"జర ఇంట్ల చెప్పొద్దా? గంటన్నర లైన్ల నిలవడ్డ." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బిడ్డ ఫారం జర పైన వెట్టు."

బిడ్డ రెండు గజాల దూరంలో కెమెరా పట్టుకుని ఉంది. వాడికి కనబడలేదు.

ఒంటిగంటకు కెమెరా తిరిగి ఇచ్చేయాలి. చివరి షాట్‌కు సందు ఖాళీ కావాలి. రమ్య స్టూలెక్కి, శాఖ లేదు, పోస్టులు లేవు, ఇదంతా నేను రాసిన కథ అని ఏడుపు గొంతుతో ప్రకటించింది. లైను ఇంకాస్త దగ్గరగా జరిగింది. నిజం చెబితే జనం కదులుతారనుకోవడం కొత్త దర్శకులు చేసే పొరపాటు.

"నాయనమ్మా, ఇయ్యాల కాకుంటె నా చదువు ఖతం," అన్నది స్టూలు దిగి.

నేను లేచి నిలబడ్డాను. "ఈ కౌంటర్ బంద్. నారాయణగూడ చౌరస్తాల రెండో కౌంటర్ తెరిచిన్రు."

రెండు నిమిషాల్లో సందులో తెగిన చెప్పులు తప్ప ఏమీ మిగలలేదు. అందరికంటే ముందు పరుగెత్తినవాడు కుమారస్వామి. స్క్రిప్టు చేతిలో పట్టుకునే పరుగెత్తాడు. తర్వాత అడిగితే, "సినిమానే అని ఎర్కే నాయనమ్మా, గని ఒకవేళ నిజమైతే?" అన్నాడు. ఈ "ఒకవేళ" మీదే అశోక్‌నగర్‌లో సగం అంతస్తులు లేచాయి.

రమ్య హీరో లేకుండానే ఖాళీ బల్లను తీసి, శుక్రవారం సమర్పించింది. కథానాయకుడి గైర్హాజరీ ఎంతో లోతైన ఆలోచన అని ప్రొఫెసర్ గారు కొనియాడి పాస్ చేశారు. శాఖ మాత్రం నమ్మశక్యంగా లేదని చిన్న లోపం చూపారు.

పిల్ల గట్టెక్కిందనుకున్నాను. ఆదివారం జగదీశ్వర్ గారు శాలువాతో ఇంటికొచ్చారు. ఒక్క బోర్డుతో మూడు వందల మందిని ఎండలో నిలబెట్టిన ప్రతిభ సినిమాల్లో వృథా కారాదని, నీడల బ్యాచ్‌కు రమ్యే పాఠం చెప్పాలని ప్రార్థించారు.

"నేను రెండో సినిమా తీస్త," అన్నది రమ్య.

"తియ్యి బిడ్డా, ఎవరొద్దన్నరు? సెలవులల్ల తియ్యి," అన్నాడు రమాకాంత్, శాలువా మడతపెడుతూ.

రమ్య ఆ పూట అన్నం ముట్టలేదు. మొత్తానికి వాడు పిల్లను కోచింగులో వేయనే వేశాడు, కాకపోతే బల్లకు అవతలి వైపు.

క్లాసులు సక్రమంగా జరుగుతున్నాయి. నోటిఫికేషన్ ఇంకా రాలేదు, సిలబస్ మాత్రం పూర్తి కావచ్చింది. మీరు నవ్వండి, తప్పులేదు. నవ్వడం అయ్యాక మీ పిల్లల పేర్లు రాసిచ్చి వెళ్లండి. మీకంటే ముందు నవ్వినవాళ్లంతా ఇచ్చే వెళ్లారు.