వెనక గదిలో సీటు

చైర్మన్ అశ్వత్థప్ప శుక్రవారం తనిఖీకి వస్తున్నాడని తెలియగానే, బుధవారం ఉదయం ప్రిన్సిపాల్ వరూధిని ఒక చిన్న పథకం వేసుకుంది. స్కూలు వెనక రేకుల గదిలో ఉన్న ఆరుగురు పిల్లల్నీ మళ్ళీ ఏడో తరగతిలోకి పంపెయ్యాలి. గదికి తాళం వెయ్యాలి. తాళం మీద దుమ్ము పడడానికి రెండు రోజులు చాలు.

ఆ గది ఆవిడ కనిపెట్టిందే. క్రమశిక్షణ తప్పినవాళ్ళను తరగతిలోంచి తీసేసి అక్కడ కూర్చోబెట్టి, గిరిధర్ అనే కొత్త మాస్టారును కాపలా పెట్టింది. క్రమశిక్షణ తప్పడమంటే మరీ ఘోరాలేమీ కావు. స్కూలు కట్టిన మేస్త్రి లింగన్న కూతురు మౌనిక, బోర్డు మీద లెక్క తప్పని టీచరుతో చెప్పింది. ఒకసారైతే క్షమించేవారే. రెండుసార్లు చెప్పింది, రెండుసార్లూ లెక్క నిజంగానే తప్పు.

గది ఖాళీగా కనిపిస్తే, మా స్కూల్లో చెడ్డ పిల్లలే లేరని చైర్మన్‌కు చెప్పుకోవచ్చు. బెళ్ళందూరులో కట్టిన కొత్త శాఖకు డైరెక్టర్ ఎవరో ఆయన ఆ రోజే తేల్చేస్తాడు. ఆ కుర్చీ కోసం వరూధిని పదకొండేళ్ళుగా ఆయన జోకులకు నవ్వుతోంది.

పిల్లల్ని తరగతికి పంపేలోగా తాళం కొనుక్కురమ్మని వాచ్‌మన్ సొన్నప్పతో చెబుతుండగా కిరణ్మయి వచ్చింది. ఆవిడ బ్రూక్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఏడో తరగతి ఫస్ట్ ర్యాంకు పండుకు తల్లి. రెండోదే ఆవిడ అసలు ఉద్యోగం.

"మేడమ్, క్వార్టర్లీ మ్యాథ్స్‌లో మా పండుకు తొంభై మూడు. మౌనిక అనే అమ్మాయికి తొంభై ఎనిమిది. ఆ అమ్మాయి క్లాసుకే రాలేదట, వెనక షెడ్‌లో ఉందట! అక్కడ ఏం కోచింగ్ ఇస్తున్నారు?"

శిక్ష గది అంటే సాయంత్రానికల్లా స్కూలు పరువు పోతుంది. వరూధిని గొంతు తగ్గించింది. "అది అందరికీ కాదండీ. మీ పండుకు అవసరం లేదు."

తన కొడుక్కి అవసరం లేనిది వేరేవాళ్ళ పిల్లలకు దొరికితే కిరణ్మయికి అన్నం సహించదు. గేటు దగ్గర సొన్నప్పను పట్టుకుంది.

"ఆడ ఆరుమందేనమ్మా. వాళ్ళకే ఒక సారు ఉండాడు. పొద్దస్తమానం లెక్కలే. ఈడ క్లాసులో నలభై ఆరుమంది!"

"అందులోకి ఎలా వెళ్ళాలి?"

"ఏమన్నా తప్పు చేయాల. స్కూలు డైరీలో రాసుండాది చూడమ్మా."

ఆ డైరీని తెరిచిన మొదటి తల్లి కిరణ్మయే. పద్నాలుగో నియమం: స్కూలు వస్తువు పగలగొడితే ఆ రోజే వెనక గది. "పనిష్‌మెంట్ అని రాశారు కానీ, అదంతా రష్ తగ్గించడానికే," అని భర్తకు విడమరిచి చెప్పింది. ఆ తర్వాత బాగా కావలసిన ఇద్దరు తల్లులకు మాత్రమే, ఎవరికీ చెప్పొద్దంటూ ఈ-మెయిల్ పంపింది.

గురువారం ఉదయం పండు కిటికీ అద్దం పగలగొట్టాడు. పాపం, వాడికి రాయి విసరడం రాదు. దగ్గరికి వెళ్ళి జామెట్రీ బాక్సుతో కొట్టి, "సారీ మేడమ్" అన్నాడు. మధ్యాహ్నానికి ఇరవై అద్దాలు పోయాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అద్దాలు మిగలక గ్లోబుతో, పూలకుండీలతో సరిపెట్టుకున్నారు.

"పిల్లలన్నాక పగలగొడతారు. అందరినీ క్షమించాను, క్లాసుకు పొండి," అంది వరూధిని, ఏడుపు గొంతుతో.

"మీరెలా క్షమిస్తారు మేడమ్?" కిరణ్మయి డైరీ తెరిచింది. "రూల్ కింద మీ సంతకమే ఉంది. మా వాడి మెరిట్ సీటు ఇంకెవరికిద్దామని?"

శుక్రవారం అశ్వత్థప్ప వచ్చేసరికి తాళం సొన్నప్ప జేబులోనే ఉంది. ఏడో తరగతిలో ఆ పాత ఆరుగురే ఉన్నారు. మౌనిక బోర్డు మీద లెక్క చేస్తోంది. గిరిధర్ ఆఖరి బెంచీలో కూర్చుని చూస్తున్నాడు. వెనక గదిలో మాత్రం నలభై ఆరుగురు కిక్కిరిసి ఉన్నారు.

"ఏమప్పా, ఇంతమంది ఈడెందుకు ఉండారు?" అన్నాడు చైర్మన్.

పండు లేచి నిలబడ్డాడు. "అద్దం పగలగొట్టాం సార్. ఫస్ట్ నేనే."

బయట కిరణ్మయి కళ్ళు తుడుచుకుంది.

అశ్వత్థప్ప వరూధిని వైపు తిరిగాడు. "మేడమ్, డైరెక్టర్ మీరే. బెళ్ళందూరు మాత్రం గిరిధర్‌కు ఇస్తాను, పిల్లోళ్ళను బాగా పెట్టుకున్నాడు. ఊరవతల అత్తిబెలెలో నా రేకుల గోడౌన్ ఖాళీగా ఉండాది. ఈ నలభై ఆరుమందినీ తీసుకొని మీరు ఆడికి పోండి."

పదకొండేళ్ళ అలవాటు కొద్దీ వరూధిని నవ్వేసింది. అది జోకు కాదని తెలిసేసరికి ఆయన కారెక్కాడు.

అత్తిబెలె శాఖలో సీట్లు రెండు రోజుల్లో నిండిపోయాయి. వచ్చే ఏటి దరఖాస్తులతో జతచేసే అద్దం ముక్క మీద గెజిటెడ్ అధికారి సంతకం తప్పనిసరి.