పఫ్‌లో పడిన జిగురు

ఆ ఉదయం పుస్తకాల బైండరు దేవుడికి దండం పెట్టుకుని ఒకే ఒక్క కోరిక కోరాడు: "స్వామీ, ఇవాళ మా ఆవిడ పఫ్‌లలో గుజ్జు కారకుండా చూడు." ఇంత చిన్న సంగతికి దేవుణ్ణి ఇబ్బంది పెట్టవచ్చునా అని ఆయనకే అనుమానం వచ్చింది. కానీ ఆ ఇంట్లో అది చిన్న సంగతి కాదు. వీధి చివర ఆవిడ పెట్టుకున్న బేకరీలో ఆపిల్ పఫ్‌లు ఓవెన్‌లోకి వెళ్ళడమే ఆలస్యం, లోపలి గుజ్జంతా కారి పళ్ళెంలో మాడిపోతోంది. ఇవాళ ఆసుపత్రి కాంటీన్ పెద్దావిడ రుచి చూడడానికి వస్తోంది. రోజువారీ ఆర్డరు దక్కితే సరే, లేకపోతే ఓవెన్ అమ్మేసి ఆవిడ మళ్ళీ పరాయి వంటింట్లో గరిటె పట్టాల్సిందే.

ఆవిడ అప్పటికే, గుజ్జు చిక్కబడడానికి వేసే కార్న్‌ఫ్లోర్ డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఈయన ముందుగదిలో పాత నిఘంటువుకి అట్ట వేద్దామని కూర్చుని, చన్నీళ్ళలో జిగురు పొడి చల్లి గిలక్కొట్టాడు. రోజూ కాసేపటికి చిక్కబడి తీగలా సాగే జిగురు ఇవాళ సుద్దనీళ్ళలా తేలింది. పొడంతా అడుక్కి దిగిపోయింది. వేళ్ళతో నలిపితే కిరకిరమంది. కార్న్‌ఫ్లోర్!

అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం భార్యకి సాయం చేద్దామనే సద్బుద్ధి పుట్టి, చిరిగిన పొట్లాల్లోని తెల్ల పొడులన్నీ ఒకే రకం డబ్బాల్లో పోసి అలమర సర్దింది తనే. కార్న్‌ఫ్లోర్ ఇక్కడుంటే మరి జిగురు ఎక్కడున్నట్టు?

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు.

"ఏంటన్నయ్యా ఆ పరుగు?" అంది మిషను మీంచి తలెత్తి, పక్కింటి కుట్టుపని చెల్లెమ్మ.

"మీ వదిన పఫ్‌లలో నా జిగురు పడిందమ్మా!"

ఆ మాట ఆయనకంటే వేగంగా పరుగెత్తింది. నాలుగిళ్ళు దాటేసరికి జిగురు కాస్తా మందైంది. మలుపు తిరిగేసరికి మందు విషమైంది. ఆయన బేకరీ చేరేసరికి వెనకాల సగం వీధి ఉంది.

లోపల కాంటీన్ పెద్దావిడ పొగలు కక్కుతున్న పఫ్‌ని నోటిదాకా తెచ్చింది.

"తినకండి!" అని అరిచాడు.

పెద్దావిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భార్య కళ్ళెర్రజేసింది. "మీకేమన్నా పిచ్చా? ఇవాళే ఒక్క చుక్క కారకుండా వచ్చాయి, చూడండి!"

చూశాడు. పళ్ళెం అద్దంలా ఉంది. 'దేవుడా, నా మొర ఆలకించే పద్ధతి ఇదా?' అనుకుంటూ బావమరిదికి ఫోన్ చేశాడు. అతను ఐస్‌క్రీం కంపెనీ ల్యాబులో పనిచేస్తాడు. జిగురుకని ఆ పొడి ఇచ్చింది అతనే.

"కంగారెందుకు బావా? అది మిథైల్ సెల్యులోజ్. పత్తి పీచుని క్షారంలో నానబెట్టి, మిథైల్ క్లోరైడ్ పట్టించి, శుభ్రంగా కడిగి ఆరబెడతారు. నీకిచ్చింది మా ఐస్‌క్రీంలో వేసే రకమే. నిక్షేపంలా తినొచ్చు."

"మరి గుజ్జు కారలేదేంట్రా?"

"అదే దాని తిక్క. చన్నీళ్ళలో కరుగుతుంది, వేడి తగిలితే గట్టిపడుతుంది. చల్లారితే మళ్ళీ జారిపోతుంది."

"జారిపోతుందా!"

ఫోన్ పెట్టెయ్యకుండానే పెద్దావిడ వైపు తిరిగాడు. "తినండమ్మా! తొందరగా తినండి!"

"ఇందాక తినొద్దన్నావు, ఇప్పుడు తినమంటున్నావు. ముందు ఒక మాట మీద నిలబడు నాయనా. నన్ను బతికిద్దామనా, చంపుదామనా?"

గుమ్మంలో జనం మెడలు సాచారు. పఫ్ మీది పొగ పలచబడుతోంది. ఒక్క చిన్న అబద్ధం ఆడితే చాలు, ఆర్డరు దక్కేలా ఉంది. ఆయనకి నోరు రాలేదు.

"నేనే డబ్బాలు మార్చానమ్మా. ఇందులో పడింది నేను పుస్తకాలు అతికించే పొడి. తినే రకమేనట. మా ఆవిడ తప్పేం లేదు." అని తనొకటి నోట్లో కుక్కుకున్నాడు. నాలుక చుర్రుమన్నా కక్కలేదు, మింగలేదు. కళ్ళనీళ్ళతో నమిలాడు.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి అలమర సర్దారు మహానుభావా!" అంది భార్య, తలపట్టుకుని.

పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నా కట్టుడుపళ్ళు నిలబడేదే జిగురు మీద. నాకు జిగురు సంగతి చెప్పొచ్చావా?" అని పఫ్ కొరికింది. నిదానంగా నమిలింది. గుజ్జు ఆవిడ చీర మీద పడలేదు, గడ్డం మీదికీ జారలేదు.

"రేపట్నుంచి పంపమ్మా. వేడివేడిగా పంపు. అందులో ఏం వేశావో పెట్టె మీద రాసి అంటించు. అడక్కముందే చెప్పే మొగుడున్నాక నీకు దాచే యోగం ఎలాగూ లేదు."

భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పెద్దావిడ చూడకుండా ఆయన చేతికి మంచినీళ్ళ గ్లాసు అందించింది.

గుమ్మంలో జనం ఇంకాసేపు ఆగి చూశారు. ఎవరూ పడిపోకపోవడంతో కాస్త నిరాశపడి, తలా రెండు పఫ్‌లు కట్టించుకుని వెళ్ళారు.