బ్లాక్ అండ్ వైట్ ఇంద్రధనుస్సు

ప్రపంచంలోని వింతలను కళ్ళతో చూడ్డమంత తెలివితక్కువ పని మరొకటి లేదని, ఈ పందొమ్మిదివందల తొంభైనాలుగో సంవత్సరంలో, జూబ్లీ హిల్స్‌లో మా డాబా మీద నిలబడి ఘంటాపథంగా చెబుతున్నాను! దేవుడు మనకి రెండు కళ్ళిచ్చి ఊరుకుంటే, జపాన్‌వాడు జాలిపడి వీడియో కెమెరా ఇచ్చాడు.

నవ్వకండి. నేను విక్టోరియా జలపాతం చూసొచ్చినవాణ్ణి. చూసొచ్చాను అనడం కూడా తప్పే, తీసుకొచ్చాను.

మా బావమరిది ఆదినారాయణ హరారేలో ఇంజనీరు. మొన్న జూన్‌లో నన్నూ, మా ఆవిడ లీలాకుమారినీ పిలిపించుకుని, ఒక రోజు విమానమెక్కించి జలపాతానికి తీసుకెళ్ళాడు. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావడం. అక్కడ ఉండేది ఆరు గంటలు, నా సంచీలో ఉన్నవి ఆరు బ్యాటరీలు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఎవరికి కుదురుతుంది చెప్పండి?

అక్కడ నీళ్ళు కిందపడి ఊరుకోవు. తుంపరగా పైకి లేచి మళ్ళీ వానలా మన నెత్తిన పడతాయి. అందుకని గేటు దగ్గర రెయిన్‌కోట్లు అద్దెకిస్తారు. మేం వెళ్ళేసరికి మూడే మిగిలాయి. ఒకటి బావమరిదికి, ఒకటి నాకు, ఒకటి కెమెరాకి. మా ఆవిడది నేత చీర, ఎండలో ఆరడానికి ఎంతసేపు? కెమెరా తడిస్తే ఆరుతుందా? ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు కూడా కేసెట్‌లో చాలా స్పష్టంగా వచ్చింది.

"బావగారూ, ఆ కెమెరా నాకిచ్చి కాసేపు మీరూ చూడండి" అన్నాడు ఆదినారాయణ. అమాయకుడు! చూస్తే ఏం మిగులుతుంది? మా మిత్రుడు కాశీవిశ్వనాథం నయాగరా వెళ్ళాడు, కెమెరా లేకుండా. ఎలా ఉందయ్యా అంటే "అబ్బబ్బ, ఏం చెప్పమంటారు!" అంటాడు. అన్నివేల మైళ్ళు తిరిగొచ్చిన మనిషి చెప్పే ముక్క ఇదేనా?

తెలియనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. వీడియో కెమెరాలో కన్ను పెట్టే చోట అంతా బ్లాక్ అండ్ వైటే కనిపిస్తుంది. రంగులు ఇంటికొచ్చి టీవీలో పెట్టుకున్నాక వస్తాయి. కాబట్టి జలపాతం మీద లేచిన ఇంద్రధనుస్సు నాకు బూడిదరంగు గీతలా కనిపించింది. అయితేనేం? దాన్ని రెండు నిమిషాలు తీశాను. ఆ పక్కనే జలపాతం ఎత్తూ, వెడల్పూ రాసిన బోర్డుంటే దాన్ని నాలుగు నిమిషాలు తీశాను. వివరం ముఖ్యం కదండీ!

తిరిగొచ్చాక మా ఇంట్లో పదకొండు ప్రదర్శనలు జరిగాయి. పకోడీలతో సహా. ఒక్కటే ఇబ్బంది వచ్చింది. అంత పెద్ద జలపాతం హోరూ మా టీవీలో, మా ఆవిడ మాటల్ని మింగేస్తూ, కిరసనాయిలు పంపు స్టవ్ చప్పుడులా వినిపించింది. వెంగళరావు నగర్ నుంచి వచ్చిన అనసూయమ్మగారైతే రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చారు.

ఇంకొకడైతే కుంగిపోయేవాడు. నేను పాతికేళ్ళుగా సినిమాల డబ్బింగ్ చూస్తున్నవాణ్ణి, ఫిల్మ్ నగర్‌లో సొంత డబ్బింగ్ థియేటర్ ఉన్నవాణ్ణి! మా సినిమావాళ్ళ పద్ధతి మీకు తెలియంది కాదు. షూటింగ్‌లో ఎవరేం మాట్లాడినా అదంతా తీసిపారేసి, థియేటర్లో మళ్ళీ చక్కగా చెప్పించుకుంటాం. ఆ పద్ధతి హీరోయిన్‌కి పనికొచ్చినప్పుడు మా ఆవిడకి పనికిరాదా?

కేసెట్ పట్టుకుని థియేటర్‌కి వెళ్ళాను. హోరు మార్చమని సౌండు చూసే ఓదెలుకి చెప్పాను. మా ఆవిడ గొంతు కోసం, హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పే పుష్పవల్లిని పిలిపించి, "ఆహా, ఏవండీ, ఎంత బాగుందో!" అని డైలాగు రాసిచ్చాను. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అలవాటుగా పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ అసలు మాటలు వింది.

"ఇక్కడ మొత్తం ఏడు 'ఏవండీ'లు ఉన్నాయి సార్. ఏడూ చెప్పాలా?" అని అడిగింది.

ఏడా? నాకు ఒక్కటీ గుర్తులేదు!

"సార్, అమ్మ ఏదో సూపిస్తున్నది. తీసేసేముందు జర మీరు గూడ వినుండ్రి" అన్నాడు ఓదెలు, హోరు తగ్గించి.

విన్నాను. "ఏవండీ, ఏవండీ! ఇంకొకటండీ! దాని పైన ఇంకో ఇంద్రధనుస్సు! ఏవండీ, రంగులు తిరగబడి ఉన్నాయండీ, ఎరుపు లోపలికి వచ్చింది! ఏవండీ, ఆ డబ్బా దించి ఒక్కసారి ఇటు చూడండి. ఏవండీ... ఏవండీ..." కాసేపు ఉత్త హోరు. తర్వాత, మెల్లిగా, "పోయిందిలెండి, ఏవండీ. ఇక ఆ బోర్డే తీసుకోండి."

అంతసేపూ తెర మీద బోర్డు ఉంది. ఎత్తు మూడువందల యాభై అడుగుల పైచిలుకు.

నాకు సిగ్గేసింది. పుష్పవల్లి ముందు, ఓదెలు ముందు తల ఎత్తలేకపోయాను. పాతికేళ్ళు అందరి మాటలూ సరిచేసినవాణ్ణి, నా పక్కనే నిలబడి తడిసిపోతూ పిలిచిన మనిషి మాట వినలేదు. డబ్బింగ్ వద్దని చెప్పి, కేసెట్ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

వీడియో కెమెరా వరం కాదని ఇప్పటికీ అనను. నా మాట మీద నేను నిలబడతాను. కాకపోతే మా ఆవిడ వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేను కూడా రెండు కాయలకి తీశాను.

"ఆ రెండో ఇంద్రధనుస్సు ఎలా ఉందోయ్?" అని అడిగాను.

ఆవిడ తలెత్తలేదు.

"కేసెట్‌లో చూసుకోండి" అంది.