యాంటెన్నాకు రెండు కోతలు

మైపాడులో ఆ ఉదయం కెజియా అనుకున్నది చిన్న పనే. సెల్ టవర్ల కోసం తాను రూపొందించిన యాంటెన్నాను ఇసుకలో కర్రకు కట్టించడం, పదకొండింటికి నెల్లూరు నుంచి వచ్చే పై అధికారి నరేంద్రబాబుకు చూపించడం. విడిగా ఫిల్టరు లేకుండా, కావలసిన సిగ్నల్‌ను పంపి పక్కదాన్ని ఆ యాంటెన్నాయే ఆపాలి. మూడు నెలలుగా అది పక్కదాన్ని కూడా మర్యాదగా సాగనంపుతోంది. ఇవాళా అంతే అయితే ప్రాజెక్టు ఆపేస్తారు, కెజియా ఉద్యోగం కూడా పోతుంది. నిన్న చేసిన చివరి మార్పు మీదే ఆశంతా.

కట్టే పని తండ్రి లాజరస్‌కు అప్పజెప్పింది. ఊళ్లో పెళ్లిళ్లకూ సువార్త కూటాలకూ ఫ్లెక్సీలు కట్టేది ఆయనే.

"నాయనా, ఇది గాలికి రవ్వంత కూడా ఊగకూడదు," అని చెప్పి లాప్‌టాప్ కోసం లోపలికి పోయింది.

సముద్రపు గాలికి ఎదురుగా కట్టేదానికి గాలి దూరిపోయే కంతలు పెట్టకుండా వదలడం లాజరస్ ఎరుగడు. ఆక్సా బ్లేడుతో యాంటెన్నా రాగి పలకను ఒక పక్క నుంచి కోశాడు. ఒకే పక్క కోస్తే గాలి తిప్పేస్తుందని రెండో పక్కా కోశాడు.

కెజియా బయటికొచ్చేసరికి వాకిట్లో నరేంద్రబాబు కారు ఆగింది.

"ఇదేంది నాయనా, కోసినావా?"

"ఊగకూడదంటివి గదా. చూడు, కదల్లేదు."

కెజియాకు ఏడుపొచ్చింది. "సార్‌ను అరగంట ఆపమ్మా," అని తల్లిని బతిమాలింది. కరుణాకుమారికి మనుషుల్ని ఆపే మార్గం ఒకటే తెలుసు. పళ్లెం పెట్టి, అన్నంలో చేపల పులుసు పోసింది.

నరేంద్రబాబు రెండో ముద్ద దగ్గర హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. "పని సక్సెసైనట్టే సార్. టెస్టుకు ముందే విందు పెడుతున్నారు."

దాంతో హెడ్డాఫీసు వాళ్లు నలుగురు వీడియోలోకి వచ్చి కూర్చున్నారు. ఈలోగా కోతల మీద కెజియా అంటించిన వెండి కాగితాన్ని గాలి ఎత్తుకుపోయింది. ఇక దాచడానికేమీ లేదు. లాప్‌టాప్ మీట నొక్కింది.

తెర మీద కావలసిన చోట గీత లేచింది. పక్కన, మూడు నెలలుగా మొండికేసిన చోట, నేలకు పడిపోయింది. కెజియా మూడుసార్లు నొక్కి చూసింది. మూడుసార్లూ అంతే. పక్కదాన్ని ఆపింది నాయన పెట్టిన కోతలే.

"భలే కోతలు," అన్నాడు నరేంద్రబాబు. "పొడవెంత పెట్టినారు?"

"కొలతేముంది సార్," అన్నాడు లాజరస్. "ఊగడం ఆగేదాకా కోసినా."

కెజియా ఉద్యోగం నిలిచింది. నివేదికలో 'కోతల పొడవు నిర్ణయించిన పద్ధతి' అన్న గడి దగ్గర ఆమె చాలాసేపు ఆలోచించి, 'గాలి పరీక్ష' అని రాసింది.