బ్యాటరీకి చార్జ్ ఎవరిది?

ఒక పెద్ద అడవిలో అన్నీ దొరికేవి, బ్యాటరీలు తప్ప. అవి పొరుగడవి నుంచి రావాలి. ఆ ఏడు పొరుగడవి అలిగి పంపడం మానేసింది. "మన బ్యాటరీ మనమే చేసుకుందాం!" అని సింహరాజు గర్జించి, ఏనుగు అధ్యక్షతన మండలి వేశాడు. మండలి మొదటి ఏడాది బోర్డు రాయించింది. రెండో ఏడాది బోర్డులో అచ్చుతప్పు దిద్దించింది.

ఈ హడావిడి పట్టనివాడు గవరయ్య అనే, ఒళ్లంతా పొలుసులున్న అలుగు. పక్క బొరియలో మంత్రసాని చిట్టెమ్మ తోటి కుందేళ్లకు పురుళ్లు పోసేది. లోపల మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. పోయినసారి వెలుగు లేక ఓ పసికూన తల్లి కాలికిందే నలిగిపోయింది. ఆ మాట విన్నరోజు గవరయ్యకు చీమలు సయించలేదు. నెలరోజులు కూర్చుని కుండ, రెండు రేకులు, ఉప్పునీళ్లతో బ్యాటరీ చేశాడు. ఒక పూట ఎండలో పెడితే మర్నాటిదాకా దీపం వెలిగేది.

"మావయ్యా, ఎల్లుండే కాన్పుంది. దీపం తగిలించెయ్యి" అంది చిట్టెమ్మ.

"మండలి ముద్ర లేకుండా వాడితే నేరమటమ్మా. ఒక్క పూటలో వేయించుకొస్తా" అన్నాడు. పాపం, ఆఫీసు గుమ్మం తొక్కి ఎరగడు.

మండలి కార్యదర్శి నక్క కుండ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "దీనికి చార్జ్ ఎవరిది?"

"ఎవరిదీ కాదండి. పొద్దున ఎండలో పెట్టాను, అదే తీసుకుంది."

నక్క కలం ఆగిపోయింది. "అదే తీసుకుందా? ఉత్తర్వు లేకుండా?"

"ఎండ ఉంటే చాలండి."

"ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ఇప్పటికీ ఇన్‌చార్జ్‌నే. నిన్నగాక మొన్న పుట్టిన కుండ ఫుల్ చార్జ్ తీసుకుంటుందా!"

కుండను బీరువాలో పెట్టి తాళం వేశారు. గవరయ్య భయంతో బంతిలా ముడుచుకుపోయాడు. బంట్రోతు కోతి అతన్ని దొర్లించుకుంటూ గుమ్మం దాటించింది. అలుగు అలిగిందని అడవంతా నవ్వుకుంది.

ఆ సాయంత్రమే మండలి సభ్యుడు ఎలుగుబంటి దండలు వేయించుకుని బ్యాటరీకి ఫుల్ చార్జ్ తీసుకున్నాడు. కబురు విని రాజు మురిసిపోయి, మూడోరోజు స్వయంగా వచ్చాడు. కుండను బీరువాలోంచి తీసి దీపం తగిలించారు. రాజు మీట నొక్కాడు. వెలగలేదు.

"చార్జ్ లేదా?"

"ఎలుగుబంటిగారు నిన్నటి నుంచి సెలవు, మహారాజా. చార్జ్ అప్పగించకుండా వెళ్లారు" అన్నాడు నక్క.

అక్కడికక్కడే అడవిపందికి అదనపు చార్జ్ ఇచ్చారు. రాజు మళ్లీ నొక్కాడు. వెలగలేదు. ఇద్దరికీ సీనియారిటీ తగాదా ఉందని ఏనుగు సర్దిచెప్పాడు.

రాజు చిరాగ్గా తిరిగి వెళ్తుంటే ఓ బొరియలోంచి వెలుగు కనబడింది. చిట్టెమ్మ, వెనకాలే గవరయ్య బయటికొచ్చారు. "ఏడుగురు, మహారాజా! అందరూ క్షేమం!" లోపల ఇంకో కుండ. పగిలిందని ఎప్పుడో పక్కన పడేసినదానికి గవరయ్య లక్క పూసి బాగుచేశాడు.

"ముద్రేదీ? దీనికి చార్జ్ ఎవరిది?" నక్క కలం తీశాడు.

గవరయ్య ముడుచుకోబోయాడు. లోపల కూన ఒకటి కీచుమంది. అతను ముడుచుకోలేదు.

"ఎవరికీ ఇవ్వలేదండి. అందుకే వెలుగుతోంది."

రాజు కళ్లు చెమర్చాయి. "భేష్! ఇకపై అడవిలోని బ్యాటరీలన్నిటికీ చార్జ్ నువ్వే తీసుకో!"

ఆ మాటకు గవరయ్య ఠక్కున ముడుచుకుపోయాడు. కోతి అతన్ని ఆఫీసుదాకా దొర్లించుకెళ్లి, కుర్చీలో పెట్టి, పైన దండ వేసింది. అప్పటి నుంచి రోజంతా సంతకాలే. కొత్త కుండ ఒక్కటీ రాలేదు.

బొరియలో మిగిలిన ఆ ఒక్క కుండనీ చిట్టెమ్మ రోజూ ఎండలో పెడుతోంది. ఎవరైనా అడిగితే "ఊరగాయండీ" అంటోంది.

నీతి: పనిచేసేవాణ్ణి ఆపాలంటే శిక్షించక్కర్లేదు, చార్జ్ ఇస్తే చాలు.