మెట్ల కింద సీలు

నగరంలో పన్ను బకాయిల వసూలు వారోత్సవాలు సోమవారం ఉదయం ఘనంగా ప్రారంభమయ్యాయి. కమిషనరు గారు రిబ్బను కత్తిరించి, "బకాయిదారులు మన సంస్థకు వెన్నెముక. వేళకు కట్టేసేవాళ్లకు మనతో పనేముంటుంది? రసీదు తీసుకుని వెళ్లిపోతారు. బకాయిదారులతో అలా కాదు, ఏళ్ల తరబడి నోటీసులు, రాకపోకలు, అనుబంధం!" అని సెలవిచ్చారు.

ఈ అనుబంధం అన్నిటికంటే గట్టిగా పెనవేసుకున్నది బజారు మధ్యలో ఉన్న నాలుగంతస్తుల వ్యాపార సముదాయంతో. కట్టినప్పటి నుంచి ఆ భవనానికి పన్ను రుచి తెలియదు. దాని మెట్ల కింద, నిటారుగా నిలబడితే తల తగిలే జాగాలో టైలరు మాస్టారి దుకాణం ఉంది. మాస్టారు ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె, దానితోపాటు 'పన్ను వాటా' అని మరికొంత తీసుకెళ్లి యజమాని చేతిలో పెట్టేవాడు. యజమాని ఆ వాటాను ఎంతో శ్రద్ధగా లెక్కపెట్టుకునేవాడు. పన్ను విషయంలో అతని శ్రద్ధ అక్కడితో ముగిసేది.

వారోత్సవాల్లో మొదటి అస్త్రం బ్యాండు మేళం. వాకిట్లో బ్యాండు వాయిస్తే బకాయిదారు సిగ్గుపడి కట్టేస్తాడని నిపుణుల సంఘం తేల్చింది. సిగ్గు లేని పక్షంలో ఏం చెయ్యాలో నివేదికలో రాయలేదు. బ్యాండు మోగగానే ఏదో డిస్కౌంటు సేలు పెట్టారనుకుని జనం ఎగబడ్డారు. సాయంత్రానికి కింది అంతస్తు షోరూములో అరలు ఖాళీ అయ్యాయి. ఆదివారం కూడా పంపించవలసిందనీ, క్లారినెట్టు ఇంకొకటి ఉంటే మరీ బాగుంటుందనీ యజమాని కార్పొరేషనుకు విన్నవించుకున్నాడు. ఆ మోతకు మాస్టారు మాత్రం ఒక పెద్దమనిషి చొక్కాకు కాలరు తిరగేసి కుట్టి, మళ్లీ విప్పుకుంటూ కూర్చున్నాడు.

రెండో అస్త్రం సీలు. పన్నుల ఇన్‌స్పెక్టరు లక్క, దారం, ఫొటోగ్రాఫరుతో దిగాడు. కింది అంతస్తు షోరూము మేయరు గారి బావమరిదిది. దానికి సీలు వేస్తే అక్కగారి మనసు నొచ్చుకుంటుంది. మొదటి అంతస్తు ఆసుపత్రి. రోగుల మొహాలు చూసి వదిలేశారు. రెండో అంతస్తుకు కోర్టు స్టే ఉంది. మూడో అంతస్తులో ఉన్నది సాక్షాత్తూ కార్పొరేషను వారి పన్నుల శాఖ. యజమానికి నెలనెలా ఠంచనుగా అద్దె కడుతోంది. ఆ అద్దెలోంచే బకాయి మినహాయించుకోవచ్చు కదా అని కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు అడిగాడు. అతన్ని శ్మశానాల విభాగానికి బదిలీ చేశారు.

ఉసూరుమంటూ మెట్లు దిగుతున్న ఇన్‌స్పెక్టరు చూపు మెట్ల కిందికి మళ్లింది.

"మాస్టారూ, ఒక్క నిమిషం బయటికి రండి."

"ఏంటి సార్, కొలతలివ్వాలా?"

"కాదు. సీలు వెయ్యాలి."

"నా వాటా నేను నెలనెలా కడుతూనే ఉన్నాను కదా సార్!"

"మీరు మంచివారే మాస్టారూ. అందుకేగా నేరుగా మీ దగ్గరికొచ్చాం."

మర్నాడు పేపర్లో 'వ్యాపార సముదాయానికి సీలు, బకాయిదారుపై ఉక్కుపాదం' అని వార్త, పక్కన మాస్టారి షట్టరు ఫొటో.  మిషను లోపలే, కత్తెర లోపలే, జనం నమ్మి ఇచ్చిన బట్టలన్నీ లోపలే. ఆ షట్టరు లేస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మాస్టారు యజమాని దగ్గరికి పరిగెత్తాడు.

"ఏమయ్యా, నీ కొట్టు మూలంగా నా బిల్డింగు పేపరుకెక్కింది! నెలాఖరులోగా తెరవకపోతే ఖాళీ చేసెయ్" అన్నాడు యజమాని, నొచ్చుకుంటూ.

సీలు వేసినవాళ్లు ఉన్నది పైనే కాబట్టి మాస్టారు తన దుకాణం నెత్తి మీదుగా మూడంతస్తులు ఎక్కుతూ దిగుతూ గడిపాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. చివరికి విసిగిపోయి ఇన్‌స్పెక్టరుతో అన్నాడు:

"నా గోడు సరే సార్. కమిషనరు గారి కోటు కూడా లోపలే ఉండిపోయింది. రేపు ముగింపు సభకి వేసుకోవాలన్నారు."

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బకాయి జమ కానిదే సీలు తియ్యకూడదని నిబంధన. కోటు లేనిదే కమిషనరు గారు వేదిక ఎక్కరన్నది అంతకంటే పెద్ద నిబంధన. ఏళ్ల తరబడి కదలని ఫైలు గంటలో నాలుగు బల్లలు దాటింది. వడ్డీ మాఫీ, జరిమానా మాఫీ, అసలులో సగం మాఫీ, మిగిలినదానికి సులభ వాయిదాలు. యజమాని పెద్దమనసు చేసుకుని మొదటి వాయిదా చెక్కు రాసిచ్చాడు. షట్టరు లేచింది. మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. సీలు తీసినందుకు రుసుము దుకాణదారే కట్టాలంటే కిక్కురుమనకుండా కట్టాడు. ఆ తర్వాత కోటుకు ఇంకా అతకని రెండో చెయ్యి కుడుతూ తెల్లవార్లూ కూర్చున్నాడు.

ముగింపు సభ కన్నుల పండుగగా జరిగింది. ముందు వరస కుర్చీలు బకాయిదారులకు కేటాయించారు. వేళకు కట్టినవాళ్లకు వెనక నిలబడే సౌకర్యం కల్పించారు. ఒకే చెక్కుతో అందరికంటే పెద్ద మొత్తం చెల్లించినందుకు భవన యజమానికి 'ఉత్తమ పన్నుదారు' బిరుదు. కొత్త కోటులో మెరిసిపోతూ కమిషనరు గారు జ్ఞాపిక అందించారు.

యజమాని మైకు అందుకున్నాడు. "పన్ను కట్టడంలో ఇంత ఆనందముందని నాకిన్నాళ్లూ తెలీదు. ఈ ఆనందం నేనొక్కణ్ణే అనుభవించడం న్యాయం కాదు. అందుకే వచ్చే నెల నుంచి నా అద్దెదారుల పన్ను వాటా రెట్టింపు చేస్తున్నాను!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక నిలబడ్డ మాస్టారు కూడా కొట్టాడు. భార్య అతని మోచెయ్యి పట్టుకుని లాగింది.

"ఏవండీ, మీకేమైనా మతిపోయిందా? పెంచింది మనకే!"

"అందరూ కొడుతుంటే మనమొక్కళ్లం చేతులు కట్టుకుని నిలబడితే ఏం బాగుంటుందే" అన్నాడు మాస్టారు. "పైగా కోటు ఎంత బాగా కుదిరిందో చూడు."

"అసలు ముందు ఎవరు మొదలెట్టారండీ ఈ చప్పట్లు?"

మాస్టారు కాస్త వెనక్కి తిరిగి, ఇదంతా చూస్తూ ఇంకా కొడుతూనే ఉన్న మన వైపు చూపించాడు.